ఆరేళ్లుగా గ్రూప్స్ చదువుతున్నాను: మానుకోలేను, ముందుకూ పోలేను. దారి ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న – అశోక్‌నగర్ అద్దెగది

సభ్యులందరికీ నమస్కారం. ఇంట్లో వాళ్లకు గానీ, గదిలో ఉన్న మిత్రులకు గానీ చెప్పుకోలేని విషయం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగుగా ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి.

నాకు 31 ఏళ్లు. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. 2015లో బీటెక్ పూర్తిచేసి, మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడున్నరేళ్లు టెస్టింగ్ పని చేశాను. ఆ పని మీద ద్వేషమేమీ లేదు. కానీ చిన్నప్పుడు మా ఊరికి ఒక డిప్యూటీ కలెక్టర్ వచ్చిన రోజున మా నాయన చేతులు కట్టుకుని నిలబడిన తీరు నా మనసులో ఉండిపోయింది. ఆ కుర్చీలో కూర్చోవాలన్న ఆశతోనే 2019లో ఉద్యోగం మానేసి, గ్రూప్స్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదవడానికి హైదరాబాద్‌లోని అశోక్‌నగర్‌కు వచ్చాను.

మూడేళ్లు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోయాయి. రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 ప్రకటన 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాసి మెయిన్స్‌కు అర్హత సాధించాను. ప్రశ్నపత్రం లీకైన సంగతి బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాము; సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ రాశాను, ఈసారి నేనే తప్పాను. ఆగస్టులో జరగాల్సిన గ్రూప్-2 వాయిదా పడి డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది; అందులోనూ నా మార్కులు ఉద్యోగం దరిదాపుల్లోకి రాలేదు.

అప్పటి నుంచి నా పరిస్థితి ఏమిటో నాకే అర్థం కావడం లేదు. రోజూ ఉదయం చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్తాను, గేటు తీయకముందే సంచి వరుసలో పెడతాను, ఫ్యాను కింద కుర్చీ దొరికితే కూర్చుంటాను. రాజ్యాంగం పుస్తకం తెరుస్తాను. అది 2019లో కొన్నది. మొదటిసారి పెన్సిలుతో గీతలు పెట్టాను, రెండోసారి నీలి సిరాతో, మూడోసారి ఎర్ర సిరాతో, ఆ తరువాత పసుపు మార్కరుతో. ఇప్పుడు ప్రాథమిక హక్కుల అధ్యాయంలో, 12వ అధికరణ నుంచి 35వ అధికరణ వరకు, గీత లేని వాక్యం ఒక్కటి కూడా లేదు, అందుకని ఆ పేజీలో ఏది ముఖ్యమో తెలియడం లేదు. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం తిని వచ్చి, సాయంత్రం దాకా అదే పేజీ ముందు కూర్చుంటాను.

మా నాయనకు మూడెకరాల పత్తి చేను ఉంది. నెలకు ఆరు వేలు పంపిస్తారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా, పైసలున్నయా" అని అడుగుతారు. పరీక్షల గురించి ఏడాదిగా ఒక్క మాట కూడా అడగలేదు.

సాఫ్ట్‌వేర్‌లోకి తిరిగి వెళ్దామంటే ఆరేళ్ల ఖాళీ ఉంది, పైగా అది నా దారి అని అనిపించడం లేదు. ఇంకోసారి రాద్దామంటే మనసు కదలడం లేదు. ఊరికి వెళ్దామంటే ముఖం చెల్లదు. నేను చేయాల్సిన పని ఏదో ముందు తెలిస్తే దానికోసం ఎంతైనా కష్టపడగలను. అది ఎలా తెలుసుకోవాలో, ఇలాంటి స్థితి దాటి వచ్చినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?


సమాధానం – బేగంబజార్ లెక్కలు

తమ్ముడూ, మీకన్నా అయిదారేళ్లు పెద్దదాన్ని కాబట్టి అలా పిలుస్తున్నాను. మీరు రాసిన ఫ్యాను కింద కుర్చీ నాకు తెలుసు. నేనూ అదే గ్రంథాలయంలో నాలుగేళ్లు చదివి, 2017లో మానేశాను.

మానేసిన నాడు నాకు ఏ దారీ తెలియదు. గది అద్దె కట్టడానికి డబ్బు లేక, మా మేనమామకు తెలిసిన ఒక ట్యాక్స్ కన్సల్టెంటు దగ్గర చేరాను. సరిగ్గా ఆ జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. బేగంబజార్‌లో తరతరాలుగా ఎర్ర అట్టల ఖాతా పుస్తకాల్లో లెక్కలు రాసుకున్న వ్యాపారులందరూ ఒక్కసారిగా ప్రతి బిల్లునూ కంప్యూటర్‌లో ఎక్కించాల్సి వచ్చింది. ఆ పని తెలిసినవాళ్లు దొరకలేదు. నాకూ తెలియదు, కానీ కూర్చుని నేర్చుకునే అలవాటు మాత్రం చిక్కడపల్లి నుంచి తెచ్చుకున్నాను. మొదట నన్ను పంపిన చోటు ఒక ఎండుఫలాల దుకాణం. ఆ పెద్దాయన ఇనుప కమ్మీకి గుచ్చిన బిల్లుల గుత్తులు మూడు తెచ్చి నా ముందు పెట్టారు. కింది కాగితాలకు నూనె మరకలు, పసుపు మరకలు. ఒక్కొక్కటే తీసి, విప్పి, సాపు చేసి ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం మొత్తం సరిపోయినప్పుడు ఆయన చాయ్ తెప్పించి, "బేటీ, వచ్చే నెల కూడా నువ్వే రావాలి" అన్నారు. నాలుగేళ్లలో నేను చేసిన ఒక పనికోసం మరొకరు ఎదురుచూడటం అదే మొదటిసారి. ఆ రాత్రి నిద్రపట్టింది.

లెక్కలు నాకు ఇష్టమని అప్పటికి నాకు తెలియదు. రెండేళ్లు చేశాక తెలిసింది. అందుకే ముందు దారి తెలియాలి, ఆ తరువాతే నడవాలి అన్న మీ వరుస దగ్గరే చిక్కు ఉందని నేను అనుకుంటున్నాను. గదిలో కూర్చుని ఆలోచిస్తే మీకు ఇప్పటికే తెలిసిన విషయాలే మళ్లీ మళ్లీ తిరిగి వస్తాయి. మీ గురించి మీకు ఇంకా తెలియనిది ఇంకొకరి పని మీద చేయి వేసినప్పుడే బయటపడుతుంది.

ఆరేళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని ఆ కుర్చీకి కట్టేసింది అదేనని నా నమ్మకం. మా పనిలో మార్చి 31న మిగిలిన సరుకుకు విలువ కట్టేటప్పుడు ఒక నియమం ఉంది. కొన్న ధర ఎంత, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర ఎంత అని చూసి, రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే పుస్తకంలో రాయాలి. కిలో తొమ్మిది వందలకు కొన్న జీడిపప్పు మెత్తబడి ఇప్పుడు నాలుగు వందలే పలుకుతుంటే, నాలుగు వందలే రాయాలి. కొందరు వ్యాపారులకు ఇది ప్రాణం మీదకు వస్తుంది. తొమ్మిది వందలు వచ్చేదాకా అమ్మనని బస్తా లోపలే ఉంచుతారు, వానాకాలం వచ్చేసరికి పురుగు పడుతుంది. మీరు ఆరేళ్లను కొన్న ధరకే ఇంకా పుస్తకంలో ఉంచుకున్నారు. దాన్ని ఈనాటి ధరకు దించి రాసుకోండి. అప్పుడు అది సున్నా కాదని కూడా మీకే కనిపిస్తుంది, ఎందుకంటే రోజుకు పది గంటలు కదలకుండా కూర్చోగలిగిన మనిషి, ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలిసిన మనిషి, తెలుగులో స్పష్టంగా ఇంత ఉత్తరం రాయగలిగిన మనిషి బయట అంత తేలిగ్గా దొరకరు.


సమాధానం – ఫైళ్ల గది

పైన అక్కగారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక విషయంలో జాగ్రత్త చెప్పాలి. నేను గ్రూప్-4 ద్వారా జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 8,180 పోస్టులకు 2023 జూలై 1న జరిగిన ఆ పరీక్ష నేను రాసిన నాలుగో పోటీ పరీక్ష. మూడోది పోయినప్పుడు అందరూ మానేయమన్నారు. మానేసి ఉంటే ఇవాళ ఈ ఉద్యోగం ఉండేది కాదు. కాబట్టి అలసిపోయాము అన్న ఒక్క కారణంతో మానేయడం కూడా సరైన లెక్క కాదు.

అయితే నేను కొనసాగడానికి ఆధారం ధైర్యం కాదు, మార్కులు. ప్రతి పరీక్ష తరువాత తుది సమాధానాల పత్రం దగ్గర పెట్టుకుని, తప్పిన ప్రతి ప్రశ్ననూ మూడు రకాలుగా విడదీసేవాడిని: చదవనిది, చదివి మరిచిపోయింది, తెలిసి కూడా తొందరలో తప్పుగా గుర్తించింది. మూడో పరీక్షకు వచ్చేసరికి చదవనివి దాదాపు లేవు, తొందర తప్పులే ఎక్కువగా మిగిలాయి. అవి అభ్యాసంతో తగ్గుతాయని తెలుసు కాబట్టి ఇంకొక్కసారి రాశాను. మీరు 2022, 2023, 2024 ప్రిలిమ్స్ మూడూ రాశారు. 150 మార్కులకు మీకు వచ్చినవి మూడు అంకెలు పక్కపక్కన రాసి చూడండి. అవి పెరుగుతూ వచ్చి చివర్లో కొద్దిలో తప్పి ఉంటే ఒక మాట, తగ్గుతూ వచ్చి ఉంటే ఇంకొక మాట. మీ ఉత్తరంలో తేదీలు, పోస్టుల సంఖ్యలు అన్నీ ఉన్నాయి, మీ మార్కులు మాత్రం లేవు. ఇది తప్పుపట్టడానికి అనడం లేదు. నేనూ ఒకప్పుడు అవి చూడకుండా తప్పించుకున్నవాడినే.

ఇంకొకటి. సివిల్ సర్వీసెస్‌లో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల వయసు, ఆరు ప్రయత్నాలు అని గీత గీసి ఉంటుంది. అది కఠినమైనదే, కానీ ఒక రోజున తలుపు మూసుకుంటుందని మనిషికి తెలుస్తుంది. మన రాష్ట్ర పరీక్షల్లో ప్రయత్నాలకు లెక్క లేదు, వయఃపరిమితి కూడా 2024లో రెండేళ్ల కాలానికి 44 నుంచి 46కు పెంచారు. నోటిఫికేషన్లు రాక నష్టపోయినవాళ్లకు అది న్యాయమే. కానీ తలుపు ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది కాబట్టి, అవతలి వైపు నుంచి ఎవరూ మీకు చాలు అని చెప్పరు. ఆ తేదీని మీరే వేసుకోవాలి. కాగితం మీద రాసి, కనీసం ఒక మనిషికి చెప్పాలి. చెప్పని తేదీ ప్రతి పండక్కీ ముందుకు జరుగుతుంది, అది నా అనుభవం.


సమాధానం – మనోవిజ్ఞాన సలహాదారు

నమస్కారం. నేను నగరంలో కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. వృత్తి ఎంపిక గురించి పై ఇద్దరూ నాకన్నా బాగా చెప్పారు. నేను మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం దగ్గర ఆగాను. "మనసు కదలడం లేదు" అన్నారు.

దయచేసి ఇవి గమనించుకోండి. ఒకప్పుడు సంతోషమిచ్చిన వాటి మీద ఆసక్తి పోవడం, నిద్ర లేదా ఆకలి మారిపోవడం, ఎప్పుడూ నీరసంగా ఉండటం, నేను ఎందుకూ పనికిరాననే ఆలోచన పదే పదే రావడం – ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉంటే, దాన్ని బద్ధకం అనో, లక్ష్యం లేకపోవడం అనో అనుకోకూడదు. అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యం ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ద్వారా రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంలో ఔట్‌పేషెంట్ విభాగం ఉంది. బతకడమే వద్దనే ఆలోచన ఒక్కసారి వచ్చినా మిగతావన్నీ పక్కన పెట్టి ఆ రోజే మాట్లాడండి. ఎర్రగడ్డ పేరు ఎత్తగానే నలుగురూ నవ్వుతారని మన ఊళ్లో ఒక భయం ఉంది. నా దగ్గరికి వచ్చే అభ్యర్థుల్లో ఎక్కువమంది ఆ భయంతోనే ఆలస్యంగా వస్తారు, నాకు అదే బాధ.

కుంగుబాటు అంత తీవ్రంగా లేకపోయినా, అక్కగారు తన అనుభవంతో చెప్పిన వరుస మా శాస్త్రంలోనూ ఉంది. 1970వ దశకంలో పీటర్ లూయిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుంగిన మనిషి పనులు తగ్గించుకోవడం వల్ల అతనికి దక్కే చిన్నచిన్న సంతృప్తులు కూడా తగ్గుతాయని, దానితో మనసు ఇంకా కుంగుతుందని చెప్పారు. దాని మీద ఆధారపడిన చికిత్సలో మనసు బాగుపడేదాకా ఆగము; ముందు రోజులో ఒక చిన్న పనిని, ఫలానా గంటకు, ఫలానా చోట అని నిర్ణయించి చేయిస్తాము. మీ విషయంలో నేనైతే ఒక వారం పాటు ఆ గ్రంథాలయానికి వెళ్లవద్దని చెబుతాను. ఆ కుర్చీలో కూర్చోగానే ఆ పేజీ, ఆ పేజీ చూడగానే ఆ నిస్సత్తువ, ఇలా ఒకదానికొకటి ముడిపడిపోయాయి. ఉదయం ఎనిమిదింటికి ఇందిరా పార్కులో అరగంట నడక, ఆ తరువాత ఎవరికైనా ఉపయోగపడే రెండు గంటల పని. అది ఎంత చిన్నదైనా ఫరవాలేదు.


సమాధానం – విశ్రాంత ఉపాధ్యాయుడు

బాబూ, నేను మీ తండ్రి వైపు నుంచి రాస్తున్నాను.

మా అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని అయిదేళ్లు చదివాడు. మేమూ మీ నాయనగారి లాగే అడగడం మానేశాము. అడిగితే వాడు నొచ్చుకుంటాడని, మా నమ్మకం పోయిందనుకుంటాడని, మేమిద్దరం రాత్రిళ్లు మాట్లాడుకుని మరీ అడగకూడదని ఒప్పందం చేసుకున్నాము. ఒకసారి చెప్పకుండా వాడి గదికి వెళ్లాను. దసరాకు వాళ్లమ్మ పంపిన సకినాల డబ్బా సంక్రాంతికి కూడా మూత తీయకుండా అలమారాలో ఉంది. సకినాలంటే వాడికి ప్రాణం. ఆ డబ్బా చూశాక నాకు కాళ్లు ఆడలేదు. మంచం మీద కూర్చుని, "ఇంక ఇంటికి పోదాం పద" అన్నాను. వాడు చాలాసేపు ఏడ్చి, "మీరు అడిగితే ఎప్పుడో ఆపేసేవాణ్ణి నాన్నా, మీరు ఆశ పెట్టుకున్నారని ఆపలేదు" అన్నాడు. మేము వాడికోసం, వాడు మాకోసం, ఎవరికీ ఇష్టం లేకుండా ఆఖరి రెండేళ్లు గడిపాము. ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

మీది పత్తి పండించే ఇల్లు. జూన్‌లో తొలి వానకు గింజ వేసి, ఆ తరువాత వాన మొహం చాటేస్తే, మొలక రాని చేనును మీ నాయనగారు ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. దున్ని మళ్లీ వేస్తారు. అదను దాటిపోతే పత్తి వదిలేసి కందో, మొక్కజొన్నో వేస్తారు. పోయిన విత్తనాల డబ్బు ఆయనకూ బాధే, కానీ దానికోసం చేనును ఆ ఏడాదంతా బీడు పెట్టరు. అలాంటి మనిషికి మీరు చెప్పే మాట అర్థం కాదని ఎందుకు అనుకుంటున్నారు? ఈ ఆదివారం ఆయన ఫోన్ చేసేదాకా ఆగకండి. మీరే చేయండి.


ప్రశ్న అడిగినవారి జవాబు – అశోక్‌నగర్ అద్దెగది

నలుగురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మీ సమాధానాలు నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను.

ఫైళ్ల గది గారూ, మూడు అంకెలు రాశాను. 2022లో వచ్చిన మార్కులే అన్నిటికన్నా ఎక్కువ. ఆ తరువాత రెండుసార్లూ తగ్గాయి. అది నాకు తెలుసు, కానీ ఒకే కాగితం మీద ఇంతవరకు రాయలేదు. కౌన్సెలర్ గారూ, మీరు చెప్పిన వాటిలో నిద్ర, ఆకలి రెండూ నాకు సరిపోతున్నాయి. నిన్న 14416కు ఫోన్ చేశాను, ఇరవై నిమిషాలు మాట్లాడారు, ఎర్రగడ్డలో ఒకసారి డాక్టరుకు చూపించుకోమన్నారు. గురువారం వెళ్తున్నాను.

మాస్టారూ, నాయనకు నేనే ఫోన్ చేశాను. ఇంకొక్క పరీక్ష కూడా రాయలేనని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తరువాత, "పత్తి ఏరనీకి కూలోళ్లు దొరుకుతలేరు బిడ్డా, ఓ పదిరోజులు వచ్చిపోతవా?" అన్నారు. ఆయన నన్ను ఏదైనా పనికి పిలిచి ఎన్నేళ్లయిందో. శనివారం బస్సుకు వెళ్తున్నాను.

అక్కా, మీకు ఒక ప్రశ్న. తిరిగి వచ్చాక మీలాంటి చోట కొన్ని నెలలు పనిచేసి చూడాలని ఉంది. దానికి ముందు అమీర్‌పేటలో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) కోర్సు ఏదైనా పూర్తిచేసి రావాలా?


సమాధానం – బేగంబజార్ లెక్కలు

అక్కర్లేదు తమ్ముడూ. ఇంకొక కోర్సులో చేరితే ఇంకొక గదిలో కూర్చున్నట్టే అవుతుంది. ట్యాలీ పని చేస్తూ నెలలో వస్తుంది. మీ ఊరికి దగ్గరి పట్నంలోనైనా, ఇక్కడైనా, ఒక చిన్న కన్సల్టెంటు దగ్గర నెల మొదట్లో చేరండి. జీఎస్టీలో నెలనెలా 11వ తేదీకి అమ్మకాల రిటర్ను, 20వ తేదీకి పన్ను కట్టే రిటర్ను వెళ్లాలి. పన్ను ఉండి 20 దాటితే రోజుకు యాభై రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. అందుకని ఆ రెండు తేదీల ముందు ఏ ఆఫీసులోనైనా మనుషులు చాలరు, బిల్లులు ఎక్కిస్తానంటే ఎవరూ కాదనరు. మొదటి నెల జీతం గురించి పట్టుబట్టకండి, కానీ బస్సు ఖర్చులు మాత్రం అడగండి. డాక్టరు ఏమన్నారో వీలైతే ఇక్కడ రాయండి. ముందు పత్తి ఏరి రండి.